సృజన ఫలం: గోథే సలహా, గీతా దృష్టి

సృజనకారుడి విజయం కృతిలో ఉంటుందా, దాన్ని ఆదరించే లోకంలో ఉంటుందా అన్న ప్రశ్నకు, ‘ఫౌస్ట్’ నాటకకర్త గోథేను 1823 జూన్ 10న వైమార్‌లో తొలిసారి కలిసిన యువ రచయిత ఎకెర్మన్ గ్రంథస్థం చేసిన సంభాషణలు ఒక దారి చూపుతాయి. నీలి కోటుతో వచ్చిన ఆ 73 ఏళ్ల వృద్ధుడు, ఉదయమంతా ఆ యువకుడి వ్రాతప్రతినే చదివానని చెప్పి, దానికి వేరే సిఫారసు అక్కరలేదన్నాడు. సెప్టెంబరులో ఇచ్చిన సలహా మరింత లోతైనది: బృహద్రచనకు పూనుకుంటే అది మనసునంతా ఆక్రమించి ఏ రోజుకారోజు దక్కవలసిన ఆనందాన్ని హరిస్తుందని, కాబట్టి ఎదుట ఉన్న సందర్భాన్నే చిన్న కవితగా మలచాలని ఆయన హెచ్చరించాడు. భగవద్గీత చెప్పే నిష్కామకర్మ, అనగా ఫలాపేక్ష లేకుండా కర్తవ్యం నిర్వర్తించడం, దీనికి దగ్గరగా కనిపించినా రెండూ ఒకటి కావు. గీత ఫలాన్ని ఈశ్వరార్పణం చేయమంటే, గోథే దాన్ని వాయిదా వేయక అనుభవించమంటాడు. అయితే ఇంత చెప్పినవాడూ దశాబ్దాలపాటు ‘ఫౌస్ట్’ను మోస్తూనే వచ్చి, 1831లో రెండవ భాగం ముగించి, ముద్రణకు ఇవ్వక సీలు వేసి ఉంచాడు, అది ఆయన మరణానంతరం 1832లో వెలువడింది. సమకాలికుల మెప్పును చేజేతులా వదులుకున్న ఈ చర్య, ఆయన సలహాకన్నా గీతకే దగ్గరగా ఉంది. ఆ రెండవ భాగం పూర్తిచేయమని ఆయనను పట్టుబట్టి ప్రోత్సహించినవాడు, చిన్న కవితలు రాసుకొమ్మన్న సలహా విన్న ఎకెర్మనే.