కలిసి చదివితే బ్రహ్మచర్యం చెడుతుందా?



మొన్న ఆదివారం మా అక్కవాళ్ళింట్లో పెద్ద చర్చే జరిగింది. మేనకోడలు పదో తరగతి పాసైంది. బావగారు ఆడపిల్లలకు మాత్రమే ఉన్న ఒక జూనియర్ కాలేజీలో సీటు మాట్లాడొచ్చారు. "అబ్బాయిలతో కలిసి చదివితే మనసు చదువు మీద ఉండదు. బ్రహ్మచర్యం అని పెద్దలు ఊరికే అన్నారా?" అని నా వైపు చూశారు. పురాణాలు చెప్పేవాణ్ణి కదా, ఔనంటానని ఆయన ధైర్యం!

నేను వెంటనే ఔననలేకపోయాను, కాదనలేకపోయాను.

ఎందుకంటే మా అమ్మ చదువుకున్నది గర్ల్స్ హైస్కూల్లోనే. మగపిల్లలున్న బడికైతే పంపనని తాతయ్య ఖచ్చితంగా చెప్పేశారట. ఆ బడి లేకపోతే అమ్మ చదువు ఐదో తరగతితో ఆగిపోయేది. 1874లో కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. అప్పట్లో ఆడపిల్ల గడప దాటి బడికి రావడమే గొప్ప. విడి బడి ఎంతోమందికి దారి చూపించింది, అది మర్చిపోకూడదు.

మరి నా సంగతి? ఇంటర్ రెండేళ్ళూ బాయ్స్ క్యాంపస్‌లో, హాస్టల్లో ఉన్నాను. అక్కడ అమ్మాయిలు లేరు. అమ్మాయిల గురించి కబుర్లు మాత్రం రాత్రి పన్నెండు దాకా నడిచేవి! మార్కులు బాగానే వచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీమ్ లీడ్ నా పనిలో తప్పు అందరి ముందు చూపించింది. ఆమె చెప్పింది నిజమే. కానీ తప్పు దొరికినందుకు కాదు, ఒక అమ్మాయి చెప్పినందుకు నాకు మంట పుట్టింది. రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. అమ్మాయిలకు దూరంగా ఉండి నేను నేర్చుకున్న నిగ్రహం ఇదా అని తర్వాత సిగ్గేసింది.

మన గ్రంథాలు ఏం చూపిస్తున్నాయి? బృహదారణ్యక ఉపనిషత్తులో జనకుడి సభలో గార్గి లేచి యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్నిస్తుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. భవభూతి ఉత్తరరామచరితంలో ఆత్రేయి అనే తాపసి వాల్మీకి ఆశ్రమంలో లవకుశులతో పాటు చదువుతుంది. తర్వాత ఆ ఆశ్రమం వదిలి వెళ్తుంది. ఎందుకు? ఆ పిల్లల తెలివిని అందుకోవడం కష్టమైంది, పైగా వాల్మీకి రామాయణ రచనలో మునిగిపోయారు. అంతే. ఆడది కాబట్టి వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. అది నాటకమే, చరిత్ర కాదు. కానీ కలిసి చదవడం అధర్మం అన్న ఊహ ఆ కవికి రాలేదు చూశారా!

సరే, మార్కుల మాట? 21 దేశాల్లో 16 లక్షల మంది విద్యార్థుల మీద జరిగిన 184 అధ్యయనాలను 2014లో పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. వాటిలో పకడ్బందీగా చేసినవి మాత్రమే తీసుకుంటే, విడిగా చదివినందువల్ల చెప్పుకోదగ్గ లాభమేమీ కనబడలేదు.

అందుకే బావగారితో ఇలా అన్నాను. "దారి బాగాలేదనో, బస్సులో ఏడిపిస్తున్నారనో, అది తప్ప వేరే కాలేజీ లేదనో అయితే అక్కడే చేర్పించండి బావా, తప్పు లేదు. కానీ బ్రహ్మచర్యం పేరు పెట్టొద్దు. ఎదుట మనిషి ఉన్నప్పుడు మన చూపు, మాట అదుపులో ఉంటేనే అది నిగ్రహం. ఎవరూ లేని గదిలో దాన్ని ఎలా నేర్చుకుంటాం? ఇంకోటి, ఆ పాఠం అమ్మాయి కంటే ముందు మీ అబ్బాయికి కావాలి."

అంతలో మేనకోడలు లోపల్నుంచి వచ్చింది. "ఇంతసేపు మాట్లాడుకున్నారు, నన్ను ఒక్కరైనా అడిగారా మామయ్యా?" అంది. ముగ్గురం తలదించుకున్నాం. నేను కూడా అడగలేదు మరి!

బావగారు ఇంకా ఏమీ తేల్చలేదు. వచ్చే ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని రెండు కాలేజీలూ చూసొస్తామన్నారు. మీ ఇంట్లోనూ ఈ చర్చ నడుస్తుంటే, ముందు చదవబోయే వాళ్ళను అడగండి.

శుభం.