అబద్ధపు సంతకం యెవరిది?

అబద్ధమాడకూడదన్న సూత్రాన్ని యెవరూ కాదనరు. కాని ఒక మనిషి అబద్ధమాడక తప్పని పరిస్థితిని మరొకరు కల్పించి, దాని లాభం తాము తీసుకుని, శిక్షను మాత్రం అతనికి వదిలివేస్తే ఆ అబద్ధం యెవరిది? యీ ప్రశ్న తత్వశాస్త్ర గ్రంథాలకే పరిమితమైనది కాదు. అది రోజూ మన రోడ్లమీద తిరుగుతున్నది.

పటాన్‌చెరు మండలంలోని లక్డారం పేరు చెప్పగానే ఆ ప్రాంతంవారికి క్వారీలు, క్రషర్లు, కంకర టిప్పర్లు గుర్తుకువస్తాయి. హైదరాబాదు చుట్టూ లేస్తున్న మేడలకు కావలసిన కంకర యిటువంటి వూళ్ల గుట్టలనుండే పోతున్నది. అక్కడ టిప్పరు నడిపేవాడో, ముంబాయి రహదారిమీద పారిశ్రామికవాడల సరుకు మోసేవాడో ఒక డ్రైవరును తీసుకుందాం. అతనికి జీతంకన్న ట్రిప్పుకింత అని వచ్చే డబ్బే ముఖ్యం. అతడు పదహారు గంటలు బండి నడిపి, 8 గంటలే నడిపినట్లు వ్రాసివున్న రిజిస్టరులో సంతకం చేశాడనుకుందాం. నీతిశాస్త్రం అతనిని యేమనాలి?

చట్టం లేక యీ పరిస్థితి రాలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పరిమితి విధించింది; దూరప్రయాణాలలో అనుమతి పొందినా 10 గంటలు, 54 గంటలు మించరాదన్నది. అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి యివ్వాలన్నది. ఆ చట్టం అయిదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను ఆ పరిమితినే రవాణా వాహనాలు నడిపేవారికి విధించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 1961 చట్టాన్ని తనలో కలుపుకున్నది. రోజుకు 8 గంటలన్న సూత్రం అందులోనూ వున్నది.

పోనీ, నిజమైన లెక్క దొరకకనా? 2021 ఫిబ్రవరినుండి జాతీయ రహదారులమీద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. బండి టోల్‌గేటు దాటిన నిమిషం నమోదవుతుంది. వేబ్రిడ్జి చీటీమీద తేదీ, టైము వుంటాయి. ఇ-వే బిల్లు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు యిస్తుంది. సరుకు యెప్పుడు బయలుదేరిందో, బండి యెక్కడ వున్నదో తెలుసుకోవలసినవారు తెలుసుకుంటూనే వున్నారు. స్టీరింగు ముందు కూర్చున్న మనిషి యెప్పుడు నిద్రపోయాడో మాత్రం యెవరూ అడగరు. సొమ్ము లెక్క వ్రాసే పుస్తకంలో నిజమూ, శ్రమ లెక్క వ్రాసే పుస్తకంలో అబద్ధమూ పక్కపక్కనే వుంటాయన్నమాట. ఇంగ్లండులో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం పనివేళలను యజమాని గడియారంతో కాక బహిరంగ గడియారంతో లెక్కించాలని శాసించవలసివచ్చింది. మనకు టోల్‌గేటే బహిరంగ గడియారం. దానిని కార్మికుడి పక్షాన చూసేవారే లేరు.

భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చేసిన బోధ తెలుగువారందరూ యెరిగినదే. ప్రాణానికో, విత్తానికో, మానానికో ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చునని ఆయన సడలింపు యిస్తాడు. ఆ సడలింపు మన డ్రైవరుకు వర్తిస్తుందా? నేను వర్తించదనే అంటాను. బొంకు తన ప్రాణాన్నీ తన సొత్తునూ కాపాడుకోవటానికని గురువు ఉద్దేశం. యిక్కడ డ్రైవరు బొంకు కాపాడేది యజమాని విత్తాన్ని. ప్రమాదంలో పడేది తన ప్రాణం, రోడ్డుమీది పరుల ప్రాణం. బొంకినవాడు ఒకడు, బొంకు ఫలం తినేవాడు మరొకడు అయినచోట పాత నీతి చాలదు. ఫలం యెవరికి చేరుతున్నదో చూసి బాధ్యతను నిర్ణయించే నీతి కావాలి.

యిక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. డ్రైవరే అదనపు ట్రిప్పు కోరుకుంటున్నాడు కదా అని. కోరుకుంటున్నాడు, నిజమే. అమెరికాలో డ్రైవర్లు తమ పనిగంటల చిట్టాలను బొమ్మల కథల పుస్తకాలని హేళన చేసుకునేవారు. బ్రిటనులో డ్రైవర్లు గంటలు నమోదుచేసే టాకోగ్రాఫ్ యంత్రాన్ని క్యాబిన్‌లోని గూఢచారి అన్నారు; దానిని తప్పనిసరి చేయనందుకు 1979లో ఐరోపా న్యాయస్థానం బ్రిటనును తప్పుపట్టింది. కూలిని ట్రిప్పుకు కట్టివేసి గంటలను మాత్రం కుదిస్తే, ఆ కుదింపు కార్మికుడికి ఆకలిగానే కనబడుతుంది. అందువల్లనే 2006 నాటి ఐరోపా నిబంధన, భద్రతకు హాని కలిగేటట్లు దూరాన్నిబట్టీ సరుకునుబట్టీ డ్రైవరుకు డబ్బు చెల్లించటాన్ని నిషేధించి, డ్రైవరు ఉల్లంఘనకు సంస్థనూ బాధ్యురాలిని చేసింది. కోరిక స్వేచ్ఛగా పుట్టిందా, కూలి పద్ధతి పుట్టించిందా అన్నది చూడకుండా సమ్మతి గురించి మాట్లాడటం న్యాయం కాదు.

1867లో వెలువడిన పెట్టుబడి గ్రంథంలో మార్క్స్ ఒక రైలు ప్రమాద విచారణను ప్రస్తావించాడు. బోనులో నిలబడినవారు గార్డు, డ్రైవరు, సిగ్నలు మనిషి; ఒక్కొక్కప్పుడు నలభై, యాభై గంటలు విరామం లేకుండా పనిచేశామని వారు చెప్పుకున్నారు. మనదగ్గర 2025 నవంబరు 3న చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఇద్దరు డ్రైవర్లూ మృతులలో వున్నారు. ఆ ప్రమాద కారణాన్ని నేను తేల్చబోవటం లేదు. కాని యిటువంటి ప్రతి ఘోరం తరువాతా డ్రైవరు తప్పెంత అన్న ప్రశ్న లేచినంత బిగ్గరగా, అతడు యెన్ని గంటలనుండి మేలుకొని వున్నాడన్న ప్రశ్న లేవదు. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్లవరకు జైలు విధించే క్లాజును కొత్త శిక్షాస్మృతిలో పెట్టారు. 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేసిన తరువాత దానిని అమలులోకి తేకుండా ఆపారు. మితిమీరి పనిచేయించిన యజమానికి 1961 చట్టం విధించిన శిక్ష మూడు నెలల జైలో, 500 రూపాయల జరిమానాయో. యీ రెండంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చట్టం యెవరిని నేరస్థుడుగా వూహించుకుంటున్నదో తెలుస్తుంది.

అయితే డ్రైవరు బాధ్యతే లేనివాడని నేను అనను. బస్సులో కూర్చున్నవారూ కూలినాలి చేసుకునేవారే. కాదనగలిగిన శక్తి యెంత వుంటే బాధ్యత అంత. ఒంటరిగా కాదన్నవాడు మర్నాడు బండి పోగొట్టుకుంటాడు. నలుగురూ కలిసి కాదన్నప్పుడే సత్యం చెప్పటం సాధ్యమవుతుంది. అంచేత సంఘం పెట్టుకోవటం కూలి పెంచుకోవటానికే కాదు, నిజం చెప్పగలగటానికి కూడా. ట్రిప్పుకు కాక దినానికి కూలి, టోల్‌గేటు లెక్కతో సరిపోల్చిన పనిగంటల రిజిస్టరు, అతిక్రమణకు యజమానే ముందుగా జవాబుదారీ కావటం – యివి డ్రైవర్ల కోరికలు మాత్రమే అనుకోరాదు. ఆ కంకరతో కట్టిన గదులలో నీతిపాఠాలు చెప్పే మనబోటి ఉపాధ్యాయులూ, వినే విద్యార్థులూ అడగవలసినవి కూడా యివే.