ఇంటిలోని విశ్వాసము

మరాఠీ కవి నారాయణ వామన తిలక్ 1895లో క్రైస్తవుడయ్యెను. దీనుని చూచినచో చేతనున్నది ఇచ్చివేయుట ఆయన స్వభావము. ఆ విశ్వాసమును నేను శంకింపను. కాని ఆయన భార్య లక్ష్మీబాయి రచించిన 'స్మృతిచిత్రములు' చదువునప్పుడెల్ల ఒక ప్రశ్న వేధించును: క్రీస్తు పేర ఆయన ఇచ్చినది ఎవరి సొత్తు? ఇంటి ఖర్చునకుంచిన సొమ్ము పరులపాలైన పిదప పొయ్యి వెలిగింపవలసినది ఆమెయే గదా! ఆ దానములకు సగము వెల ఆమెయే చెల్లించెను.

ఆమె మార్పు వేరు త్రోవను వచ్చెను. కొన్నేండ్లు బంధువుల యిండ్ల గడపి భర్తను చేరిన పిమ్మటను మడి విడువక వేరుగ వండుకొనెను. తిలక్ నిర్బంధింపలేదు, ఆయన గుణములలో దీనినే నేను మొదట లెక్కింతును. తుదకొకనాడు, కులభేదము మనుష్యకల్పితమని తనంతట తానే గ్రహించి, ఎవరి చేతి నీరైనను త్రాగ నిశ్చయించెను. 1900లో బాప్తిస్మము పొందెను. అప్పటికే ఆమె వంటయింట ఆ మతము ప్రవేశించి యుండెను.