లెక్కించేవాడు లేకున్నా

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గడులూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన తెలుగు పద్యం ఈ సంఖ్యనే చెబుతుంది. చంద్రుడంటే 1, వేదాలంటే 4, కొండలంటే 7, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి ఎత్తుకుని 20 అంకెల్నీ ఛందస్సులో ఒదిగించి, ఒక్కటీ తప్పకుండా చెప్పడం సామాన్యం కాదు. అన్ని గింజలు ఏ గాదెలోనూ ఉండవు, ఎవరూ లెక్కపెట్టరు. మరి ఆ సంఖ్య ఎక్కడున్నట్టు?

17వ శతాబ్దపు తెలుగు తార్కికుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో సంఖ్యను ద్రవ్యాలకుండే గుణమన్నాడు, ఒకటి నుంచి పరార్ధం దాకా. రెండు మొదలు పైవన్నీ అనిత్యాలే. ‘ఇదొకటి, ఇదొకటి’ అనే అపేక్షాబుద్ధి వల్ల పుడతాయి, అది పోతే పోతాయి. పరార్ధమంటే 1 పక్కన 17 సున్నాలు. పద్యంలోని సంఖ్య దాన్ని దాటేసింది, కానీ పట్టిక పొడిగించుకుంటే ఆ చిక్కు తీరుతుంది. అసలు చిక్కు ఆ సంఖ్య స్వభావంలో ఉంది. దాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. 641ని 6700417తో గుణించి చూడండి, 4294967297 వస్తుంది. ఇది 2ను 32 సార్లు వేసి గుణించి 1 కలిపిన సంఖ్య, పద్యంలోని సంఖ్యకు కారణాంకం. గణితవేత్త ఫెర్మా దీన్ని ప్రధానసంఖ్య అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ కాదని తేల్చాడు. సూరత్ దగ్గర డుమస్ తీరంలో నల్ల ఇసుక రేణువుల లెక్క ప్రతి పోటుకూ మారుతుంది. అలాంటి లెక్కకు అన్నంభట్టు మాట చక్కగా సరిపోతుంది. 641 సంగతి అలా కాదు. ఆయిలర్ బుద్ధిలో పుట్టకముందు, పద్యం పుట్టిన రోజున కూడా, అది భాగిస్తూనే ఉంది.

రెట్టించే నియమం మనిషి పెట్టుకున్నదే కదా, ఫలితమూ మనిషి కల్పనే అనవచ్చు. నియమం మనదే, ఒప్పుకుంటాను. కానీ ఆ నియమం క్షుణ్ణంగా తెలిసిన ఫెర్మా ఆశించిన ఫలితం రాలేదు. మన కల్పన మన మాట వినకపోవడమేమిటి? తార్కికుల దగ్గర ఇంతకన్నా బలమైన జవాబుంది: మనుషులు చూడలేని పరమాణువుల్లో సంఖ్య ఈశ్వరుడి అపేక్షాబుద్ధి వల్ల కలుగుతుందని. అయితే 641 భాగించడం ఆయన సంకల్పమా, ఎరుకా? సంకల్పమైతే ఇంకోలా సంకల్పించి ఉండవచ్చు. భాగించని 641ని ఊహించడానికే వీల్లేదు. కాబట్టి ఎరుకే, ఎరుగదగిన సత్యం సృష్టి అయినది కాదు. ఇది ఈశ్వరుడికి హద్దు గీయడమని భక్తుడు నొచ్చుకోవచ్చు. కానీ తార్కికుల ఈశ్వరుడు పరమాణువుల్నే సృష్టించడు. నిత్యంగా ఉన్న వాటిని కూర్చి జగత్తును నిర్మిస్తాడు. వాటికి దక్కిన చోటును 641కీ ఇస్తే భక్తికి వచ్చే లోటేమీ లేదు.