జానెడు నేల – పొరుగువారి హక్కు

 

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లో రెండు సెంట్ల స్థలమంటే 97 చదరపు గజాలకు కాస్త తక్కువే. అంత నేలలోనే ముగ్గురు అన్నదమ్ములు తలదాచుకోవాలంటే ఇల్లు పైకి లేవక తప్పదు. మిద్దెపై మిద్దె వేసుకోవడం పాపం కాదు. మనిషి సౌభాగ్యాలను పేర్కొంటూ దైవప్రవక్త (స) విశాలమైన ఇంటినీ, మంచి పొరుగువారినీ ఒకేచోట చెప్పారు. ఒకదాన్ని కట్టుకుంటూ రెండోదాన్ని పోగొట్టుకుంటే మనకు మిగిలేదేమిటి?

హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. ఆయన తన భూమి కలుపుకున్నారని అర్వా అనే మహిళ మదీనా పాలకుడు మర్వాన్ వద్ద ఫిర్యాదు చేసింది. జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని ప్రవక్త (స) నోట విన్న తాను అలా ఎలా చేయగలనని ఆయన అన్నారు. చివరికి ఆ నేలను ఆమెకే వదిలేశారు.

దారి గురించి తగవు వస్తే ఏడు మూరల వెడల్పు, అంటే సుమారు 10 అడుగులు, వదలాలని ప్రవక్త (స) తీర్పునిచ్చినట్లు హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించారు. మరి సందులోకి మెట్లు దించేవారు, కాలువ మీద అరుగు కట్టేవారు, పక్కింటి వాకిట్లోకి చూరునీళ్ళు వదిలేవారు ఒక్కసారి ఆలోచించాలి.

ఉస్మానియా ప్రభుత్వం 1869-76 మధ్య హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ న్యాయస్మృతి ఈ తగవులను విడమరచి చెప్పింది. పొరుగింటి ఆడవారు మసలే వంటగది, పెరడు కనబడేలా కిటికీ పెట్టడం తీవ్రమైన హాని, దాన్ని తొలగించాల్సిందే. కిటికీ మనిషి ఎత్తుకు పైన ఉంటే మాత్రం మూయమని అడిగే హక్కు పొరుగువారికి లేదు. గదిలో అక్షరం కనబడనంతగా వెలుతురు ఆగిపోతే అదీ తీవ్రమైన హానే. కేవలం గాలి తగ్గిందని, చూపు ఆగిందని పక్కవాడి కట్టడాన్ని ఆపరాదు. కాబట్టి అసూయతో మున్సిపాలిటీకి అర్జీలు పెట్టేవారు కూడా అల్లాహ్‌కు భయపడాలి.

ప్లానుకు మించి కట్టిన భవనాలను అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసే పథకాలు మన రాష్ట్రంలో 2007, 2015, 2019లలో వచ్చాయి. “డబ్బు కట్టేశాం, ఇక ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు” అనుకునేవారున్నారు. ఆ రసీదు ప్రభుత్వంతో లెక్క తేల్చవచ్చు. పొరుగువాని హక్కు హుఖూఖుల్ ఇబాద్‌లోనిది. దాన్ని అతనికి తిరిగి ఇవ్వాలి, లేదా అతనే మనస్ఫూర్తిగా క్షమించాలి. మూడో దారి లేదు. నమాజులు, ఉపవాసాలతో వచ్చి కూడా, ఇతరుల సొమ్ము తిన్నందుకు పుణ్యాలన్నీ వారికి పంచి దివాలా తీసే మనిషి గురించి ప్రవక్త (స) హెచ్చరించారు. అక్కడ రూపాయలు చెల్లవు.

అందుకే పునాది తీయకముందే పొరుగువారిని పిలవండి. వారి ఎదుటే టేపు పట్టండి, ప్లాను చూపండి. తగవొస్తే తెలిసిన పెద్దలను కూర్చోబెట్టండి. మీ గోడలో పొరుగువాడు దూలం పెట్టుకుంటానంటే అడ్డుకోవద్దన్న ప్రవక్త (స) బోధనను కూడా మరువకండి.

ఎవరి నేలా కలవని ఇళ్ళలో మనల్ని నివసింపజేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్!