రాతిలో కనబడని దోషం

వజ్రాన్ని పరీక్షించే విద్య మన దేశంలో ప్రాచీనమైనది. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. కాకిపాదం వంటి గీత, వెంట్రుక వంటి చార, పగులు మొదలైనవి ఆ శాస్త్రం దృష్టిలో దోషాలు. నేటి రత్నపరీక్షకుడు భూతద్దంతో వెదికేదీ ఇటువంటి వాటినే. కాని ఏ భూతద్దానికీ అందని దోషం ఒకటున్నది. అది రాతిలో లేదు. రాయి నేలనుండి వేలికి చేరిన దారిలో ఉన్నది.

ఈ దోషం 1990 దశకంలో ఆఫ్రికాలో లోకానికి స్పష్టంగా కనిపించింది. సియెర్రా లియోన్‌లో 1991 నుండి 2002 వరకు అంతర్యుద్ధం సాగింది. తిరుగుబాటు దళాలు కోనో ప్రాంతపు వజ్రక్షేత్రాలను ఆక్రమించి, ప్రజలచేత నిర్బంధంగా తవ్వించి, ఆ రాళ్లను లైబీరియా మీదుగా తరలించి ఆయుధాలు సమకూర్చుకొన్నాయి. ఎందరో అమాయకుల చేతులు నరికాయి. అంగోలాలో యూనిటా దళాల యుద్ధానికీ వజ్రాలే ధనాగారమయ్యాయి.

ఆ రాతిని మరో ఖండంలో కొన్నవానికి ఈ పాపంలో పాలున్నదా? తెలియక కొన్నాననే సమాధానం కొంతవరకు న్యాయమే. అయితే తెలియకపోవడం వేరు, తెలుసుకోదలచకపోవడం వేరు. దొంగసొత్తును చౌకగా కొన్నవాడు అది ఎక్కడిదని అడగకపోవడాన్ని ఏ ఊరి పెద్దలూ అమాయకత్వంగా ఎంచరు.

ప్రభుత్వాలు ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం కింబర్లీ ధ్రువీకరణ విధానం. 2000లో దక్షిణాఫ్రికాలోని కింబర్లీ నగరంలో ఆరంభమైన చర్చల ఫలితంగా 2003 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ ధ్రువపత్రం లేనిదే ముడి వజ్రాలు సభ్యదేశాల సరిహద్దులు దాటరాదు. భారతదేశం 2008లోనూ, 2019లోనూ దీనికి అధ్యక్షత వహించింది. ప్రపంచపు వజ్రాలలో అత్యధిక భాగం సూరత్‌లో సానపడుతున్నందున ఈ బాధ్యత మనకు సహజమైనదే.

అయినా ఆ పత్రం చెప్పేది కొంతే. చట్టబద్ధ ప్రభుత్వాలపై పోరాడే తిరుగుబాటుదారులకు ధనమిచ్చే ముడి వజ్రాలనే అది సంఘర్షణ వజ్రాలుగా నిర్వచించింది. 2008లో జింబాబ్వేలోని మరాంగే క్షేత్రంలో, తవ్వుకొనే పేదలపై హింసకు పాల్పడినవి ప్రభుత్వ బలగాలే. ఆ రాళ్లు నిర్వచనంలో ఇమడలేదు. 2011లో వాటి ఎగుమతికి అనుమతి లభించగా, రక్తవజ్రాల సమస్యను వెలికితెచ్చిన సంస్థలలో ఒకటైన గ్లోబల్ విట్‌నెస్ ఈ విధానంనుండి వైదొలగింది. రాయి ఏ పక్షం చేతినుండి వచ్చిందని పత్రం అడుగుతుంది. తవ్వినవానికి ఏమి దక్కిందని అడగదు.

తవ్వినవారిని మరవడం ఆఫ్రికాకే పరిమితమైన కథ కాదు. కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో స్త్రీలు, పిల్లలతో సహా సుమారు 60,000 మంది పనిచేసేవారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాశాడు. గోల్కొండ వజ్రాల కీర్తి దేశదేశాలకు వ్యాపించింది. తవ్విన చేతుల పేర్లు చరిత్రకెక్కలేదు.

అట్లని వజ్రాన్ని పూర్తిగా విసర్జించడమే ధర్మమా? బోట్స్వానాలో గనుల ఆదాయం పాఠశాలలకూ, రహదారులకూ ఉపకరించింది. మరికొన్ని దేశాలలో జల్లెడ పట్టి జీవించే పేదకు ఆ రాయే కూడు. కొనడం మానినంతమాత్రాన అతని ఆకలి తీరదు. రాయి స్వతహాగా పాపం చేయలేదు. రాయి చుట్టూ అల్లుకొన్న మౌనమే పాపానికి ఆశ్రయమిచ్చింది.

కనుక కొనుగోలుదారు చేయగలిగినది, చేయవలసినది ఒకటున్నది: అడగడం. ఏ దేశపు గనిది, ఎవరి చేతుల మీదుగా వచ్చినది, ఆ మాటను వ్రాతపూర్వకంగా ఇవ్వగలరా అని అడగడం. సానపట్టిన రాయిని చూచి దాని జన్మస్థలం చెప్పడం దుస్సాధ్యం కనుక, ఆ వివరం మొదటినుండీ రాయి వెంట నడవాలి. ఒక్కరు అడిగితే వర్తకుడు నవ్వి ఊరుకోవచ్చు. పదిమంది అడిగితే అతడు తనకు అమ్మినవానిని అడుగుతాడు. ఆ ప్రశ్న గనిదాకా చేరిననాడే రత్నపరీక్ష సంపూర్ణమవుతుంది.