రంతిదేవుడి ఆఖరి అతిథి, ఆసుపత్రి బిల్లు

ఓం నమో భగవతే వాసుదేవాయ.

ఈ ఆదివారం వీడియోలో రంతిదేవుడి కథ చెప్పుకున్నాం కదా. టైమ్ అయిపోతోందని ఒక మాట చెప్పకుండా ఆపాను. అది క్యాన్సర్ ఖర్చు గురించి. భాగవతానికీ ఆసుపత్రి బిల్లుకీ ఏం సంబంధం అని మీకు అనిపించొచ్చు. కాస్త ఓపిగ్గా చదవండి, సంబంధం ఉంది.

వీడియో చూడనివాళ్ల కోసం ముందు కథ. ఇది భాగవతం నవమ స్కంధంలో వస్తుంది. పోతన గారు మనకి తెలుగులో కూడా చెప్పారు. రంతిదేవుడు మహారాజు. ఉన్నదంతా దానం చేసేశాడు. చివరికి భార్యాబిడ్డలతో కలిసి 48 రోజులు మంచినీళ్లు కూడా లేకుండా గడిపాడు. 49వ రోజు పొద్దున కాస్త నెయ్యి, పాయసం, నీళ్లు దొరికాయి. నోట్లో పెట్టుకోబోతుంటే ఒక బ్రాహ్మణుడు వచ్చాడు. ఆయనకి పెట్టాడు. తర్వాత ఒక శూద్రుడు వచ్చాడు. మిగిలినదాంట్లో ఆయనకీ పెట్టాడు. తర్వాత కుక్కల్ని వెంటపెట్టుకుని ఒకాయన వచ్చాడు. ఉన్న తిండంతా ఇచ్చేసి, ఆ కుక్కలకి కూడా నమస్కారం చేశాడు. ఇక ఒక్క మనిషి తాగేపాటి నీళ్లే మిగిలాయి. అప్పుడు లోకం అందరికన్నా కింద పెట్టిన మనిషి ఒకడు "దాహం" అంటూ వచ్చాడు. ఆ నీళ్లు కూడా ఇచ్చేశాడు.

ఇచ్చేముందు రంతిదేవుడు భగవంతుణ్ణి కోరింది ఒక్కటే. నాకు సిద్ధులు వద్దు, మోక్షం వద్దు, ప్రాణులందరి లోపల ఉండి వాళ్ల బాధ నేను పడాలి, వాళ్లకి ఆ బాధ లేకుండా పోవాలి అన్నాడు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. వచ్చిన నలుగురిలో ఎవరినీ ఆయన "నీకీ గతి ఎందుకు పట్టింది, ఏ జన్మలో ఏం చేశావు" అని అడగలేదు. దాహం అన్నాడు, నీళ్లిచ్చాడు. అంతే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఒకే ఏడాదిలో రెండు ఇళ్లలో ఒకే జబ్బు, రొమ్ము క్యాన్సర్, దగ్గర నుంచి చూశాను. ఒకరు మా టీమ్ లీడ్ వాళ్ల అమ్మగారు. కొడుకు ఆఫీస్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులకి ఏటా చెకప్ ఉంటుంది. ఆ మామోగ్రామ్‌లో గడ్డ చిన్నగా ఉన్నప్పుడే బయటపడింది. ఇంకొకరు నల్గొండ జిల్లాలో ఉండే మా మేనత్త. ఆమెకి గడ్డ చేతికి తగిలింది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకత్తా అని అడిగితే, "పత్తి ఏరుడు అయినంక చెప్దామనుకున్న బిడ్డా, కూలి పోతది గద" అంది.

జబ్బు ఇద్దరికీ ఒకటే. కానీ అత్త ఆసుపత్రి మెట్లెక్కక ముందే ఆరు నెలలు వెనకబడి ఉంది. క్యాన్సర్‌లో పేదరికం అంటే మందు కొనలేకపోవడం ఒక్కటే కాదు. పరీక్షకి వెళ్లడానికి ఒక రోజు కూలి వదులుకోలేకపోవడం కూడా.

అత్త వైద్యం ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆరోగ్యశ్రీలో జరిగింది. ఆపరేషన్‌కి, మందులకి చేతి నుంచి పెట్టాల్సి రాలేదు. అయినా రెండు బర్రెలు అమ్మేశారు. ఎందుకు? 21 రోజులకోసారి కీమో. తర్వాత వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి రేడియేషన్. రోజూ ఊరి నుంచి రాలేరు కాబట్టి సిటీలో గది అద్దె. ఆటోలు, తిండి. తోడుగా మామయ్య, కాబట్టి ఇద్దరి కూలీ పోయింది. ఈ ఖర్చు ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనపడదు.

మా లీడ్ అన్న మాత్రం సుఖంగా ఉన్నాడా అంటే అదీ లేదు. ఐదు లక్షల పాలసీ సగం దారిలోనే అయిపోయింది. మిగతాదానికి పర్సనల్ లోన్ తీశాడు. మెడలో ట్యాగ్ ఉన్నవాడి పరిస్థితే ఇలా ఉంటే, ఆ ట్యాగ్ లేనివాళ్ల మాటేంటి?

ఇలాంటప్పుడు మన భక్తుల్లోనే కొందరు తేలిగ్గా ఒక మాట అనేస్తారు: "ఏం చేస్తాం, ఎవరి కర్మ వాళ్లది." కర్మ సిద్ధాంతాన్ని నేను కాదనడం లేదు. కానీ అది నన్ను నేను పరీక్షించుకోవడానికి ఉంది, పక్కవాడి మీద తీర్పు చెప్పడానికి కాదు. పైగా ఖర్చు విషయంలో ఆ మాట అసలు కుదరదు. ఒక ఉదాహరణ చెప్తాను, మన హైదరాబాద్‌దే.

కిడ్నీ, లివర్ క్యాన్సర్‌లకి సోరాఫెనిబ్ అని ఒక మందు ఉంది. బేయర్ కంపెనీ దాన్ని నెలకి దాదాపు 2 లక్షల 80 వేల రూపాయలకి అమ్మేది. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్, మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకి ఆ మందు తయారుచేసే కంపల్సరీ లైసెన్స్ ఇచ్చారు. దేశంలో అలాంటి లైసెన్స్ అదే మొదటిది. నెలకి సరిపడా 120 మాత్రలు 8,880 రూపాయలకి మించి అమ్మకూడదని అందులో షరతు పెట్టారు. బేయర్ కోర్టులకి వెళ్లినా ఆ ఉత్తర్వు నిలబడింది.

ఇప్పుడు చెప్పండి, ఆ మార్చి నెలలో ఏ రోగి పూర్వజన్మ కర్మ మారింది? ఎవరిదీ మారలేదు. ఒక కాగితం మీద ధర మారింది. తర్వాత 2019లో 42 క్యాన్సర్ మందుల మీద ట్రేడ్ మార్జిన్ 30 శాతం దాటకూడదని కేంద్రం ఆంక్ష పెట్టింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 33 ప్రాణరక్షక మందుల మీద జీఎస్టీ సున్నా చేశారు, వాటిలో క్యాన్సర్ మందులూ ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు. ఇవన్నీ మనుషులు తీసుకున్న నిర్ణయాలే. మనుషులు పెట్టిన భారాన్ని మనుషులే దించగలరు. దాన్ని దేవుడి మీదకి తోసేయడం భక్తి అనిపించుకోదు.

మరి మనం రంతిదేవుడంత వాళ్లం కాదు కదా, ఏం చేయగలం? మూడు పనులు చెప్తాను.

మొదటిది. మీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ అక్కల్ని, సెక్యూరిటీ అన్నల్ని అడగండి: "మీకు ఈఎస్ఐ నంబర్ ఉందా?" నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లు ఈఎస్ఐ కిందికి వస్తారు. చాలామందికి జీతంలో కట్ అవుతుందని తెలుసు, దాంతో ఏమేం వస్తాయో తెలియదు. క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బు వస్తే వైద్యమే కాదు, అర్హత షరతులు సరిపోతే రెండేళ్ల వరకు జీతంలో 80 శాతం కూడా ఇస్తారు. కూలి పోతుందని జబ్బు దాచుకునే మనిషికి ఈ ఒక్క మాట ఎంత ధైర్యమో ఆలోచించండి. వాళ్ల కార్డు పని చేస్తోందో లేదో ఫోన్‌లో చూసిపెట్టడానికి మనకి పది నిమిషాలు పడుతుంది.

రెండోది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే లక్డీకాపూల్ వస్తుంది. అక్కడి రెడ్‌హిల్స్‌లోనే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 1955 నుంచి పేదలకి పెద్ద దిక్కు. ఏసీ రైల్లో కూర్చుని వెళ్లేంత దగ్గరలో ఉంది, మనలో ఎంతమందిమి చూశాం? పేషెంట్‌తో వచ్చిన వాళ్లకి భోజనం, గది అద్దె, బస్సు ఛార్జీ, ఇవే అసలు అవసరాలు. మీ ఊరి నుంచి, మీ బంధువుల్లో ఎవరైనా వైద్యానికి వస్తుంటే ఒక్క నెల గది అద్దె మీరు కట్టండి. అలాగే ఖాజాగూడలో స్పర్శ్ హాస్పీస్ ఉంది. ఇక వైద్యం పని చేయదన్న స్థితిలో ఉన్నవాళ్లని డబ్బు తీసుకోకుండా చూసుకుంటారు. మనం రోజూ క్యాబ్‌లో తిరిగే దారిలోనే.

మూడోది, భక్తులకి ప్రత్యేకంగా. దేవుడికి మొక్కుకోండి, కానీ కీమో తేదీ తప్పనివ్వకండి. పసరు మందుతో తగ్గిపోతుంది, ఫలానా హోమం చేయిస్తే చాలు అని ఎవరైనా చెప్తే నమ్మి చికిత్స ఆపకండి, ఎవర్నీ ఆపనివ్వకండి. మన తిరుమల కొండ కింద, అలిపిరి దగ్గర టీటీడీ స్థలంలోనే టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆసుపత్రి నడుస్తోంది. స్వామి సన్నిధిలోనే వైద్యం కూడా ఉంది కదా!

మనలో చాలామంది చిలుకూరు వెళ్తాం. వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. ఆ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. అందరిదీ ఒకటే వరుస. నాకు ఆ గుడిలో అన్నిటికన్నా నచ్చేది అదే. స్వామి అక్కడ డబ్బు పుచ్చుకోవడం లేదు. అయితే హుండీలో వేద్దామని జేబులో పెట్టుకున్న డబ్బు ఎక్కడ వేయాలి? నాకు తోచింది, వైద్యం దగ్గర ఇంకా ఒకటే వరుస రాని చోట వేయాలి.

మా అత్త ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్‌కి వస్తోంది. తిండి కాస్త తినగలుగుతోంది. నా భయమంతా ఒక్కటే, మళ్లీ ఏదైనా చేతికి తగిలితే ఈసారైనా వెంటనే చెప్తుందా, లేక పత్తి అయిపోనీ అంటుందా అని. ఇలాంటి అత్తలు ఊరూరా ఉన్నారు. మీ ఇంట్లో కూడా ఉండొచ్చు. ఈ రాత్రి ఫోన్ చేసి అడగండి. "ఖర్చు సంగతి నేను చూసుకుంటా, నువ్వు ముందు చూపించుకో" అనండి. ఆ మాట మీద నిలబడండి.

ఆఖరి గుక్క నీళ్లు కూడా ఇచ్చేశాక తన ఆకలి, దాహం, అలసట అన్నీ పోయాయని రంతిదేవుడు అన్నాడు. ఆ మాటలో ఎంత నిజముందో ఇచ్చి చూస్తేనే తెలుస్తుంది. ఆ బుద్ధి మనందరికీ ఇవ్వమని స్వామిని వేడుకుంటూ,

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.